ఎలియాస్ ఫైలు శుద్ధి: ఒక కాలేజీ మెయిల్ సర్వర్ ప్రాజెక్టు డైరీ

డిగ్రీ కాలేజీ ఒకటి, అదే ట్రస్టు నడిపే బీఈడీ కాలేజీ ఒకటి. రెండింటికీ వేర్వేరు డొమైన్లు, సర్వర్ మాత్రం ఒకటే. డెబియన్ 12 లినక్స్ మీద మెయిల్ అందుకుని పంపే పోస్ట్‌ఫిక్స్ 3.7, మెయిల్‌బాక్సులకు డవ్‌కాట్. ఎలియాస్ అంటే మారు చిరునామా: ఆ పేరుకు వచ్చిన మెయిల్ ఎక్కడికి పోవాలో /ఈటీసీ/ఎలియాసెస్ ఫైలు చెబుతుంది. సర్వర్లు మారినప్పుడల్లా ఆ పాత ఫైలును కొత్తదాంట్లోకి అలాగే కాపీ చేస్తూ వచ్చారు. అందులో పేర్లు చేరడమే గానీ తీసేసిన జాడ లేదు. దాన్ని ఒక దారికి తెచ్చిన క్రమం ఇది. ఇలాంటి ఫైలు మీ నెత్తిన పడితే కొలతలు, ఎదురుదెబ్బలు పనికొస్తాయని రాసిపెడుతున్నాను.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు, సెట్టింగులు అన్నీ తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోకి మార్చుకోండి.

దశ 1: ఉన్నదెంత?

ఫైల్లో 214 పంక్తులు. ఖాళీ పంక్తులు, వ్యాఖ్యలు, కొనసాగింపు పంక్తులు తీసేస్తే 137 ఎలియాస్‌లు. అందులో నాలుగు పేర్లు రెండేసి సార్లు ఉన్నాయి. అంటే విడి పేర్లు 133. బీఈడీ డొమైన్ కోసం విడిగా ఉన్న వర్చువల్ పట్టికలో (పూర్తి చిరునామాలతో రాసే ఎలియాస్‌ల పట్టిక) 22.

ఆ నాలుగు జంటల దగ్గర కాసేపు ఆగాలి. కొత్త హెచ్ఓడీ వచ్చినప్పుడల్లా ఎవరో పాత పంక్తిని వెతకకుండా ఫైలు చివర కొత్తది చేర్చారు. పోస్ట్‌ఫిక్స్ పట్టికను కట్టేటప్పుడు అదే పేరు రెండోసారి కనిపిస్తే «డూప్లికేట్ ఎంట్రీ» అని హెచ్చరించి, ముందు చూసినదాన్నే ఉంచుకుంటుంది. కింద రాసినది పైదాన్ని కొట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. కొట్టేయదు. ఫిజిక్స్ హెచ్ఓడీకి రావాల్సిన మెయిల్స్ అన్నీ రిటైరైన సార్ మెయిల్‌బాక్సులో పడుతూ వచ్చాయి.

ఇంకో సంగతి. మనం ఎడిట్ చేసేది టెక్స్ట్ ఫైలు, పోస్ట్‌ఫిక్స్ చదివేది దాన్నుంచి కట్టిన డేటాబేస్. ఈ రెండూ ఒకటే అని నమ్మకుండా పోల్చి చూశాను:

1. టెక్స్ట్ ఫైలును /రూట్/పని అనే ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి.
2. ఆ కాపీ మీద పోస్ట్‌ఎలియాస్ నడిపి కొత్త డేటాబేస్ కట్టాలి. అసలు ఫైలును ముట్టుకోవద్దు.
3. రెండు డేటాబేసుల్నీ «పోస్ట్‌ఎలియాస్ -ఎస్» తో బయటికి తీసి, సార్ట్ చేయాలి.
4. కామ్ కమాండుతో తేడా చూడాలి.

టెక్స్ట్‌ను సొంత స్క్రిప్టుతో విడగొట్టే ప్రయత్నం వద్దు. కొనసాగింపు పంక్తులు, కొటేషన్లు, పెద్ద చిన్న అక్షరాలు అన్నీ పోస్ట్‌ఫిక్స్ తన పద్ధతిలో చదువుతుంది. ఆ పని దానికే వదిలేస్తే మేలు.

నడుస్తున్న డేటాబేసులో 132 వరుసలు కనిపించాయి. ఇందులో మూడు ఎలియాస్‌లు కావు. ఒకటి ఉత్త ఎట్ గుర్తు, మిగతా రెండూ వైపీ అనే అక్షరాలతో మొదలయ్యేవి. సెండ్‌మెయిల్ అనే పాత మెయిల్ ప్రోగ్రాంతో, ఖాతాల వివరాలు పంచే ఎన్ఐఎస్‌తో పొత్తు కుదరడానికి పోస్ట్‌ఎలియాస్ తనంతట తనే చేర్చే గుర్తులవి, కంగారు పడక్కర్లేదు. అవి పోగా 129. టెక్స్ట్‌లో మాత్రమే ఉన్నవి 6: ఎవరో రాశారు గానీ డేటాబేసును మళ్లీ కట్టే న్యూఎలియాసెస్ నడపలేదు, కాబట్టి ఆ పేర్లు ఏనాడూ పనిచేయలేదు. డేటాబేసులో మాత్రమే ఉన్నవి 2: టెక్స్ట్‌లో తీసేశారు, డేటాబేసులో బతికే ఉన్నాయి. అందులో ఒకటి ఉద్యోగం మానేసిన లెక్చరర్ సొంత మెయిల్‌కు వెళ్తోంది. మొదటి రకానికి ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. రెండోరకానికి ఎవరూ చేయరు, మెయిల్ వెళ్తూనే ఉంటుంది కదా.

133 పేర్లూ ఎక్కడికి పోతున్నాయో విడదీస్తే వచ్చిన లెక్క:

ఇప్పుడున్న ఖాతాలకు: 42
ఇప్పుడు లేని ఖాతాలకు: 27
బయటి మెయిల్‌బాక్సులకు: 31
ఇంక్లూడ్ జాబితాలకు (చిరునామాలు విడి ఫైల్లో ఉండేవి): 9
కమాండుకో ఫైలుకో: 3
మరో ఎలియాస్‌కు: 21

ఇప్పటికి మొత్తం: 133 + 22 = 155.

దశ 2: రూట్ మెయిల్ ఎవరు చదువుతున్నారు?

మరో ఎలియాస్‌కు వెళ్లే 21లో ఎక్కువ భాగం బిన్, డీమన్, ఎల్‌పీ లాంటి సిస్టమ్ పేర్లు. అవన్నీ రూట్‌కు, అంటే సర్వర్ నిర్వాహకుడి ఖాతాకు వెళ్తాయి. పోస్ట్‌మాస్టర్ కూడా రూట్‌కే. మరి రూట్ ఎక్కడికి? ఆ పంక్తికి ముందు హ్యాష్ గుర్తు పెట్టి ఉంది. అంటే ఎక్కడికీ లేదు, /వార్/మెయిల్/రూట్ లోనే పడుతోంది. దాని సైజు 640 ఎంబీ. డెబియన్ ఇన్‌స్టాలర్ మెయిల్‌బాక్స్_సైజ్_లిమిట్‌ను సున్నా చేసి పెడుతుంది, అంటే హద్దు లేదు. పోస్ట్‌ఫిక్స్ సొంత డిఫాల్ట్ అయితే 51,200,000 బైట్లు. అదే ఉంటే ఈ పెట్టె ఎప్పుడో నిండిపోయి మెయిల్స్ వెనక్కి కొట్టేది, ఎవరో ఒకరు గమనించేవారు.

లోపల నూటికి తొంభైకి పైగా క్రాన్ (వేళకు పనులు తానే నడిపే ప్రోగ్రాం) మెయిల్సే. మిగతావాటిలో విషయం పంక్తి చూసి ఆగిపోయాను: «డీగ్రేడెడ్‌అరే ఈవెంట్ ఆన్ /డెవ్/ఎండీ0». డిస్కులను కనిపెట్టే ఎండీఅడ్మిన్ పంపినది. ఒకే డేటాను రెండు డిస్కుల మీద ఉంచే రెయిడ్‌లో ఒక డిస్క్ ఎప్పుడో పోయింది, సర్వర్ రెండో డిస్క్ మీదే నడుస్తోంది. ఎలియాస్‌ల పని అక్కడే ఆపేసి, ముందు బ్యాకప్ తీసి, డిస్క్ మార్పించి, అది పూర్తిగా సింక్ అయ్యాక మళ్లీ ఇటు వచ్చాను. ఎలియాస్ ఫైల్లో ఒక్కటంటే ఒక్క పంక్తి సరిచేసే తీరిక ఉంటే అది రూట్ పంక్తే కావాలి.

చేసిన మార్పులు:

1. రూట్ ఇప్పుడు ఇద్దరు మనుషులకు వెళ్తుంది: నాకు, ల్యాబ్ ఇన్‌ఛార్జికి. ఇద్దరివీ ఇదే సర్వర్‌లోని ఖాతాలు. బయటి చిరునామా ఒక్కటీ పెట్టలేదు, ఎందుకో దశ 5లో వస్తుంది.
2. క్రాన్ పనుల్లో మామూలు అవుట్‌పుట్‌ను లాగ్‌లోకి మళ్లించి, లోపాలు మాత్రమే మెయిల్‌కు వచ్చేలా చేశాం. ఇది చేయకపోతే నెల తిరక్కుండానే ఆ ఇద్దరూ రూట్ మెయిల్స్‌కు ఫిల్టర్ పెట్టి చదవడం మానేస్తారు.
3. అబ్యూజ్ అనే పేరు అసలు లేదు. చేర్చాను.

పోస్ట్‌మాస్టర్ ఉండి తీరాలని ఎస్ఎంటీపీ ప్రమాణం, 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5321, చెబుతుంది. అబ్యూజ్, హోస్ట్‌మాస్టర్, వెబ్‌మాస్టర్, సెక్యూరిటీ లాంటి పేర్ల జాబితా 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2142లో ఉంది. అన్నీ పెట్టుకోనక్కర్లేదు. చదివే మనిషి ఉన్నవే పెట్టాలి.

ఇప్పటికి మొత్తం: 156. (హ్యాష్ తీసిన రూట్ పంక్తిని ఈ లెక్కల్లో కలపలేదు.)

దశ 3: ఇద్దరు ప్రిన్సిపల్స్, ఒకే ఎలియాస్

బీఈడీ ప్రిన్సిపల్ మేడమ్ ఆఫీసు నుంచి చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది: «యూనివర్సిటీ సర్క్యులర్లు మాకు రావట్లేదు సార్, డిగ్రీ కాలేజీ వాళ్లు ప్రింటు తీసి పంపితే చూస్తున్నాం.» లాగ్ చూస్తే మెయిల్ సర్వర్‌కు చేరింది, డెలివరీ కూడా అయింది. కాకపోతే డిగ్రీ ప్రిన్సిపల్ గారి పెట్టెలో.

కారణం లాగ్‌లోనే రోజూ పడుతోంది. బీఈడీ డొమైన్‌ను మైడెస్టినేషన్‌లో (ఈ సర్వర్ ఖాతాలకే మెయిల్ చేరే డొమైన్ల జాబితా), వర్చువల్_ఎలియాస్_డొమైన్స్‌లో (వర్చువల్ పట్టికతో నడిచే డొమైన్ల జాబితా) రెండు చోట్లా పెట్టొద్దని పోస్ట్‌ఫిక్స్ హెచ్చరిస్తూనే ఉంది. ఇక్కడ తెలియాల్సింది ఒక్కటే. /ఈటీసీ/ఎలియాసెస్‌లో ఎడమ వైపు పేరుకు డొమైన్ ఉండదు. మైడెస్టినేషన్‌లో ఎన్ని డొమైన్లు ఉంటే అన్నింటికీ ఆ పేరు వర్తిస్తుంది. ప్రిన్సిపల్ అని ఒకసారి రాస్తే రెండు డొమైన్ల ప్రిన్సిపల్సూ ఒకరే అయిపోతారు. వర్చువల్ పట్టికలో మాత్రం పూర్తి చిరునామా రాస్తాం, కాబట్టి ఏ డొమైన్‌కు ఆ డొమైనే. వర్చువల్ పట్టికను మెయిల్ లోపలికి వచ్చేటప్పుడు క్లీనప్ అనే ప్రోగ్రాం చూస్తుంది. ఎలియాసెస్‌ను చివర్లో, లోకల్ డెలివరీ దగ్గర లోకల్ ప్రోగ్రాం చూస్తుంది. అందువల్ల వర్చువల్‌లో రాసుకున్న 22 పేర్లూ బాగానే నడిచాయి. అక్కడ లేని ప్రిన్సిపల్, ఆఫీస్, ఇన్ఫో వంటివి జారి ఎలియాసెస్‌లోకి పడ్డాయి.

సరిచేసిన క్రమం:

1. ముందుగా వర్చువల్ పట్టికలో బీఈడీకి లేని పేర్లు ఆరు చేర్చడం. పోస్ట్‌మాస్టర్, అబ్యూజ్ కలిపితే ఎనిమిది.
2. ఆ పట్టిక నుంచి డేటాబేస్ కట్టే పోస్ట్‌మ్యాప్ నడపడం.
3. «పోస్ట్‌మ్యాప్ -క్యూ» తో ఒక్కో పూర్తి చిరునామానూ అడిగి జవాబు చూడడం.
4. ఆ తర్వాతే మైడెస్టినేషన్ నుంచి బీఈడీ డొమైన్ తీసేయడం.
5. పోస్ట్‌ఫిక్స్ రీలోడ్.

నాలుగోది ముందు చేస్తే ఆ ఎనిమిది పేర్లకూ వచ్చే మెయిల్ «యూజర్ అన్‌నోన్ ఇన్ వర్చువల్ ఎలియాస్ టేబుల్» అని 550తో వెనక్కి పోతుంది. సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్ మారితే రీలోడ్ కావాలి. పట్టిక మాత్రమే మారితే అక్కర్లేదు, పోస్ట్‌ఫిక్స్ తానే గమనించి కొత్తది చదువుకుంటుంది.

ఈ రెండు పట్టికల రాత తీరు కూడా వేరు. ఎలియాసెస్‌లో పేరు తర్వాత కోలన్ ఉండాలి, వర్చువల్‌లో ఉండకూడదు. మొదటిదానికి పోస్ట్‌ఎలియాస్ లేదా న్యూఎలియాసెస్, రెండోదానికి పోస్ట్‌మ్యాప్. తారుమారు చేస్తే పోస్ట్‌మ్యాప్ «ఇది ఎలియాస్ ఫైలా?» అని అడుగుతుంది కూడా. పాత షెల్ హిస్టరీలో ఆ తారుమారు కమాండు చాలాచోట్ల కనిపించింది. హెచ్చరిక వచ్చినా పని ఆగదు, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అన్నట్టు, న్యూఎలియాసెస్ కట్టేది ఎలియాస్_డేటాబేస్‌లో ఉన్న ఫైళ్లను. డెలివరీలో వెతికేది ఎలియాస్_మ్యాప్స్‌లో ఉన్నవాటిని. ఎలియాసెస్ కాకుండా రెండో ఫైలు పెట్టుకుంటే రెండు సెట్టింగుల్లోనూ చేర్చాలి.

ఇప్పటికి మొత్తం: 164.

దశ 4: ఏది బతికుంది, ఏది చచ్చింది

లేని ఖాతాలకు వెళ్లే 27 తేలిక. వాటికొచ్చిన మెయిల్ ఎలాగూ బౌన్స్ అవుతోంది, అంటే పంపినవారికి తిరిగిపోతోంది. 9 పేర్లకు ఇప్పుడా పని చూసే మనుషులు ఉన్నారు, వాళ్లకు మళ్లించాను. 18 తీసేశాను.

మొత్తం: 146.

అసలు చిక్కు ఆ తర్వాత. ఖాతా ఉంది, మెయిల్ చేరుతోంది, కానీ ఆ చిరునామా ఎవరికైనా అవసరమా? దానికి లాగే ఆధారం. డెబియన్ 12లో లాగ్‌ను టెక్స్ట్ ఫైళ్లలో రాసే ఆర్‌సిస్‌లాగ్ డిఫాల్ట్‌గా రాదు. /వార్/లాగ్/మెయిల్.లాగ్ కోసం వెతికి లాభం లేదు, జర్నల్‌సీటీఎల్‌లో చూడాలి. యూనిట్ పేరు పోస్ట్‌ఫిక్స్ కాదు, దాని వెనక ఎట్ గుర్తు, హైఫన్ ఉన్నది. ఉత్త పోస్ట్‌ఫిక్స్ అని అడిగితే దాదాపు ఖాళీ జవాబే వస్తుంది. పైగా జర్నల్ తన సైజును ఫైల్‌సిస్టమ్‌లో పదో వంతుకు, గరిష్ఠంగా 4 జీబీకి కట్టేసుకుంటుంది. మా దగ్గర కొన్ని వారాల లాగ్ మించి లేదు.

అందుకని రాత్రిపూట నడిచే చిన్న స్క్రిప్టు ఒకటి పెట్టాను:

1. నిన్నటి పోస్ట్‌ఫిక్స్ లాగ్ తీయడం.
2. ఆరిజ్_టూ విలువలన్నీ ఏరడం. ఎలియాస్ విప్పకముందు ఉన్న అసలు చిరునామా అదే.
3. లోకల్ నుంచి బయటికి మళ్లినవాటికి «ఫార్వర్డెడ్ యాజ్» అని పడుతుంది. ఆ పంక్తిలో ఎలియాస్ పేరు టూ దగ్గరే ఉంటుంది, అదీ ఏరడం. ఆ మెయిలే కొత్త క్యూ నంబరుతో ఆరిజ్_టూ కింద మళ్లీ కనిపిస్తుంది కాబట్టి రెండుసార్లు లెక్కపడకుండా చూడడం.
4. తేదీ, పేరు, సంఖ్య అని ఒక ఫైల్లో చేర్చడం.

తొలి నెల పట్టికలో అందరికంటే పైన ఉన్నది పాత పూర్వ విద్యార్థుల సమ్మేళనం కోసం పెట్టిన ఎలియాస్. 1,140 మెయిల్స్. తెరిచి చూస్తే అన్నీ స్పామే. ఎప్పుడో వెబ్‌సైటులో పెట్టిన చిరునామా, యంత్రాలు ఏరుకున్నాయి. మెయిల్ ఎక్కువ వస్తే బతికున్నట్టు అనుకోవడానికి లేదు. స్పామ్‌గా ముద్ర పడినవాటిని వదిలేసి లెక్కించేలా స్క్రిప్టు మార్చాక ఆ పేరుకు సున్నా వచ్చింది.

దీనికి తలకిందులు పరీక్షల విభాగం ఎలియాస్. నెలలకు నెలలు సున్నా. తీసేసే జాబితాలో పెట్టి, పద్ధతి ప్రకారం ఆ విభాగం జూనియర్ అసిస్టెంట్‌ను అడిగితే: «అయ్యో సార్, సప్లిమెంటరీ ఫలితాలప్పుడు అంతా దానికే వస్తుంది!» అడ్మిషన్స్ అంతే, వేసవిలో తప్ప అలికిడి ఉండదు. న్యాక్ కోసం పెట్టిన ఎలియాస్ మరీ అన్యాయం. గుర్తింపు గడువు ఏళ్ల లెక్కన ఉంటుంది, మధ్యలో దానికి ఉత్తరం వచ్చే అవకాశమే తక్కువ. మూడు నెలల లాగ్ చూసి సున్నా ఉన్నవి తీసేయండని చెప్పే సలహాలు కాలేజీకి సరిపడవు. ఇక్కడ కాలం విద్యా సంవత్సరంతో నడుస్తుంది.

కాబట్టి పెట్టుకున్న నియమం: లెక్క సున్నా ఉండాలి, ఆ విభాగం సూపరింటెండెంట్ గారు రాతపూర్వకంగా వద్దనాలి. రెండూ ఉంటేనే తీయడం. అలా 16 పోయాయి.

తీసేయడం కూడా ఒక్క దెబ్బన కాదు. ముందు రీలొకేటెడ్ పట్టికలోకి మార్చాం. అందులో పాత చిరునామా, దాని పక్కన కొత్త చిరునామా రాస్తే, పంపినవారికి 5.1.6 కోడ్‌తో «యూజర్ హ్యాజ్ మూవ్డ్ టు» అని కొత్తది చూపిస్తూ జవాబు వెళ్తుంది. మెయిల్ మాయమవదు, మళ్లీ ఎవరికి పంపాలో తెలుస్తుంది. ఒక విద్యా సంవత్సరం అలా ఉంచి ఆ వరుస కూడా కొట్టేయాలి.

పట్టుకోని పేర్లన్నీ ఒక పెట్టెలో పడేలా క్యాచ్‌ఆల్ పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. వద్దన్నాను. అది పెడితే ఏ చెత్త పేరుకు వచ్చినా సర్వర్ ఊ కొడుతుంది. తప్పు స్పెల్లింగ్‌తో పంపిన తల్లిదండ్రులకు తప్పు అని తెలియదు, స్పామర్లకు మాత్రం పండగ.

ఇప్పటికి మొత్తం: 130.

దశ 5: బయటికి మళ్లించేవి

ఎక్కువ సమయం తిన్నది ఇదే. 31 ఎలియాస్‌లు లెక్చరర్ల సొంత జీమెయిల్, యాహూ ఖాతాలకు వెళ్తున్నాయి. ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: కొన్ని వస్తాయి, కొన్ని రావు. ముఖ్యంగా బ్యాంకు మెయిల్స్, ఓటీపీలు రావు.

లాగ్‌లో 550, 5.7.26 అనే జవాబు. అంటే పంపినవారెవరో రుజువు కాలేదని. లోపల జరుగుతున్నది ఇది: బ్యాంకు పంపిన మెయిల్‌ను మనం ముందుకు తోసినప్పుడు కవరు మీద పంపినవారి చిరునామా బ్యాంకుదే ఉంటుంది, తీసుకెళ్లే ఐపీ మాత్రం మనది. బ్యాంకు ఎస్‌పీఎఫ్ రికార్డులో (తన మెయిల్ ఏ ఐపీల నుంచి రావచ్చో చెప్పే జాబితా) మన ఐపీ ఉండదు కాబట్టి ఆ పరీక్ష తప్పుతుంది. ఇది మళ్లింపు ఉన్న ప్రతిచోటా జరిగేదే. అయినా మెయిల్ గట్టెక్కాలి, ఎందుకంటే డీకిమ్ అనే డిజిటల్ సంతకం మెయిల్‌తో పాటే ప్రయాణిస్తుంది. సంతకం చెల్లి, డొమైన్ కలిస్తే, ఈ రెండు పరీక్షలనూ చూసే డీమార్క్‌కు అది చాలు.

మరి డీకిమ్ ఎందుకు తప్పుతోంది? అదే మెయిల్ లోపలికి వచ్చినప్పుడు సంతకం సరిగానే ఉంది, బయటికి వెళ్లాక «బాడీ హ్యాష్» తేడా. అంటే మధ్యలో మన సర్వరే ఉత్తరం లోపల ఏదో మార్చింది. వెతికితే ఫిల్టర్‌లో దొరికింది: ప్రతి మెయిల్ కిందా «ఈ సమాచారం గోప్యమైనది, ప్రింటు తీసే ముందు చెట్ల గురించి ఆలోచించండి» అని రెండు పంక్తుల ఫుటర్. కాలేజీ నుంచి వెళ్లేవాటికి ఉద్దేశించినది, వచ్చేవాటికీ అతుకుతోంది. ఫుటర్‌ను లాగిన్ అయి పంపేవాటికి మాత్రమే పరిమితం చేశాను. ఆ ఒక్క మార్పుతో మా కొలతలో మళ్లింపు బౌన్సులు వారానికి 83 నుంచి 19కి పడిపోయాయి.

మిగిలిన 19లో డీకిమ్ సంతకమే లేని చిన్న సంస్థల మెయిల్స్ కొన్ని. వాటికి కవరు మీద చిరునామాను మన డొమైన్‌కు మార్చే పోస్ట్‌ఎస్ఆర్ఎస్‌డీ పెట్టాను. వారానికి 6కి వచ్చింది. ఆ ఆరూ దాదాపుగా స్పామే, పోతే పోనీ. స్పామ్‌ను మళ్లిస్తే అవతలివాళ్ల దృష్టిలో పంపినది మనమే అవుతాం. అందుకే స్పామ్ ముద్ర పడినవి మళ్లింపు దాకా రాకుండా లోపలికి వచ్చేటప్పుడే తిప్పికొట్టే ఏర్పాటు కూడా చేశాం.

కానీ ఇదంతా మందు వేయడమే. ఆఫీసు పని మెయిల్ ఇంటి ఖాతాకు ఎందుకు పోవాలన్నది అసలు ప్రశ్న. 31 మందినీ కూర్చోబెట్టి మాట్లాడాం. 13 మంది కాలేజీ మెయిల్ నేరుగా చదవడానికి ఫోన్‌లో ఐమ్యాప్ పెట్టించుకున్నారు, వాళ్ల ఎలియాస్ ఇప్పుడు లోపలి ఖాతాకే వెళ్తుంది. 7 అక్కర్లేదని తేలింది. 11 మంది మాత్రం «అలవాటైపోయిందండీ, అలాగే ఉండనివ్వండి» అన్నారు. అవి బయటికే వెళ్తున్నాయి.

మొత్తం: 123.

ఇక ఇంక్లూడ్ జాబితాలు తొమ్మిది. స్టాఫ్, నాన్‌టీచింగ్, హాస్టల్ వార్డెన్లు వగైరా. ఎలియాసెస్‌లో పంక్తి ఇలా ఉంటుంది:

స్టాఫ్: :ఇంక్లూడ్:/ఈటీసీ/మెయిల్‌జాబితాలు/స్టాఫ్

ఆ ఫైల్లో వరుసకో చిరునామా. దీంట్లో సుఖం ఏమిటంటే, జాబితా ఫైలును డెలివరీ సమయంలోనే చదువుతుంది కాబట్టి మార్చిన వెంటనే అమలు, న్యూఎలియాసెస్ నడపక్కర్లేదు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కు ఆ ఒక్క ఫైలు మీద రాసే హక్కు ఇస్తే చాలు, రూట్ పాస్‌వర్డ్ చేతులు మారదు. డిఫాల్ట్‌గా ఇంక్లూడ్ ఫైల్లోంచి కమాండ్లు నడవవు, అదీ మంచిదే.

కష్టం ఎక్కడంటే, జాబితాలో ఒక చిరునామా చెడితే బౌన్స్ పంపినవారికి పోతుంది. ప్రిన్సిపల్ గారు స్టాఫ్‌కు సర్క్యులర్ పంపితే ఆయనకే గుట్టగా బౌన్సులు. దీనికి సెండ్‌మెయిల్ కాలం నుంచీ ఉన్న మందు ఓనర్ ఎలియాస్. స్టాఫ్ అనే ఎలియాస్ ఉంటే ఓనర్-స్టాఫ్ అని మరొకటి రాయాలి. అప్పుడు కవరు మీద పంపినవారి స్థానంలో ఓనర్-స్టాఫ్ కూర్చుంటుంది, బౌన్సులు అక్కడికే వస్తాయి. ఎస్‌పీఎఫ్ కూడా మన డొమైన్ మీదే చూస్తారు.

తొమ్మిదింటికీ చేర్చి పరీక్షిస్తే బయటి సర్వర్లు ఇంకా గట్టిగా తిరస్కరించాయి: «సెండర్ అడ్రస్ రిజెక్టెడ్, డొమైన్ నాట్ ఫౌండ్». ఓనర్-స్టాఫ్ వెనక చేరే డొమైన్ మైఆరిజిన్ నుంచి వస్తుంది. డెబియన్‌లో మైఆరిజిన్ /ఈటీసీ/మెయిల్‌నేమ్ ఫైలును చూపిస్తుంది. ఆ ఫైల్లో ఎప్పుడో తీసేసిన పాత సర్వర్ పేరు ఉంది. డీఎన్ఎస్‌లో ఆ పేరే లేదు. ఫైల్లో కాలేజీ డొమైన్ రాసి రీలోడ్ చేశాక సర్దుకుంది. లోపలి మెయిల్‌తోనే పరీక్షించి ఊరుకుంటే ఇది బయటపడదు, కనీసం ఒక బయటి చిరునామా జాబితాలో పెట్టి చూడండి.

ఇంకోటి: స్టాఫ్ జాబితాకు ఊళ్లోవాళ్లందరూ పంపగలిగితే ప్రమాదం. చెక్_రెసిపియెంట్_యాక్సెస్ పట్టికలో జాబితా చిరునామా రాసి, లాగిన్ అయినవారికి, లోపలి నెట్‌వర్క్‌కు తప్ప తిరస్కరించమన్నాం. వారం తిరక్కుండా ఒక ప్రకటన మెయిల్ దూరింది. స్టాఫ్ వెనక కాలేజీ డొమైన్ కాకుండా సర్వర్ పూర్తి హోస్ట్ పేరు పెట్టి పంపారు. ఆ పేరు కూడా మైడెస్టినేషన్‌లో ఉంది కదా, పట్టికలో లేదు. డొమైన్ రాయకుండా «స్టాఫ్@» అని ఎట్ గుర్తుతో ఆపేస్తే అన్ని డొమైన్లకూ వర్తిస్తుంది. తొమ్మిదీ అలా మార్చాం.

ఇప్పటికి మొత్తం: 123 + 9 ఓనర్లు = 132.

దశ 6: పైపులు

కమాండుకో ఫైలుకో వెళ్లే మూడింటిలో ఒకటి నోరిప్లై, ఏది వేసినా మాయమయ్యే /డెవ్/నల్‌కు. ఉండనిచ్చాను. రెండోది ఎప్పుడో ఆపేసిన ఎస్ఎంఎస్ గేట్‌వేకు వెళ్లే పైపు (మెయిల్‌ను కమాండుకు అందించే ఎలియాస్), తీసేశాను. మూడోది ఫిర్యాదుల స్క్రిప్టు. ఇది నడుస్తుంది, కానీ అప్పుడప్పుడు పంపినవారికి వింత బౌన్స్ వెళ్తుంది. అందులో స్క్రిప్టు పూర్తి పాత్, దాని లోపం సందేశం అచ్చుపడి ఉంటాయి. సున్నా కాకుండా, తాత్కాలిక లోపాన్ని చెప్పే 75 లాంటివీ కాకుండా మరేదైనా కోడ్‌తో స్క్రిప్టు ముగిస్తే పోస్ట్‌ఫిక్స్ దాన్ని విఫలమైనట్టు లెక్కేసి, అవుట్‌పుట్‌తో సహా తిప్పి పంపుతుంది. ఎలియాస్ ఫైలు రూట్‌దైతే పైపు కమాండు హక్కులు దాదాపు లేని నోబడీ ఖాతాతో నడుస్తుంది. ఇక్కడ స్క్రిప్టు రాయాలనుకున్న లాగ్ ఫోల్డర్‌కు నోబడీకి హక్కు లేదు. ఫోల్డర్ హక్కు సరిచేశాం. డేటాబేస్ అందనప్పుడు 75తో ముగిసేలా మార్చాం. 75 అంటే తాత్కాలికం, మెయిల్ క్యూలో ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఇప్పటికి మొత్తం: 131.

దశ 7: ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

ఎలియాసెస్, వర్చువల్, రీలొకేటెడ్, జాబితాల ఫోల్డర్ నాలుగూ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉన్నాయి. ప్రతి ఎలియాస్ పైన ఒక వ్యాఖ్య: ఏ విభాగం, ఎవరు అడిగారు, ఎప్పుడు మళ్లీ చూడాలి. వ్యాఖ్య ఎప్పుడూ సొంత పంక్తిలోనే రాయాలి. విలువ పక్కన హ్యాష్ పెట్టి రాస్తే అది వ్యాఖ్య అవదు, చిరునామాలో కలిసిపోతుంది. అలాగే పంక్తి మొదట్లో పొరపాటున ఒక స్పేస్ పడితే అది పై ఎలియాస్‌కు కొనసాగింపు అవుతుంది. కంటికి కనిపించదు, లోపం సందేశమూ సూటిగా రాదు. అందుకే మార్పు చేసిన ప్రతిసారీ ఈ వరుస:

1. కాపీ మీద పోస్ట్‌ఎలియాస్ నడిపి, ఒక్క హెచ్చరిక వచ్చినా ఆపడం.
2. పాత, కొత్త డేటాబేసుల తేడా చూడడం. ఒక పేరు మార్చితే తేడాలో ఒక పేరే ఉండాలి.
3. కుడివైపు లోపలి పేర్లన్నీ «గెటెంట్ పాస్‌వర్డ్»లోనో ఎలియాస్‌లలోనో ఉన్నాయో చూడడం. ఇక్కడ పాస్‌వర్డ్ కమాండులో పీఏఎస్ఎస్‌డబ్ల్యూడీ అని రాయాలి.
4. అసలు ఫైలు మార్చి, న్యూఎలియాసెస్.
5. «సెండ్‌మెయిల్ -బీవీ» కి మార్చిన చిరునామా ఇవ్వడం. మెయిల్ ఏమీ పంపకుండా, అది ఎక్కడికి చేరుతుందో నివేదిక మన పెట్టెకు వస్తుంది.
6. గిట్‌లో కమిట్, అడిగినవారి పేరుతో.

రెండో మెట్టే ఎక్కువసార్లు ఆదుకుంది. స్పేస్ పడి రెండు ఎలియాస్‌లు కలిసిపోతే తేడాలో ఒక పేరు మాయమై, ఇంకోదాని విలువ పొడవవుతుంది. వెంటనే దొరికిపోతుంది.

మిగిలిన పని: హోమ్ ఫోల్డర్లలో 19 .ఫార్వర్డ్ ఫైళ్లున్నాయి. ఎలియాస్‌లో లోపలికి తెచ్చిన మెయిల్‌ను అవి మళ్లీ బయటికి తోస్తున్నాయి. అందులో ఐదు వెకేషన్ జవాబులు, ఒకటి పోయిన సంక్రాంతి సెలవులది, ఇంకా జవాబిస్తూనే ఉంది. వాటి సంగతి తేలాక లెక్క ఇక్కడే చేరుస్తాను.